గోరింకని లెక్కలో వేయాలా?

పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న హవాయి దీవులకు హోనొలూలూ రాజధాని. అక్కడ వైకీకీ తీరాన్ని ఆనుకుని కపియోలాని పార్కు ఉంది. మనవాళ్లెవరైనా పొద్దున్నే ఆ పార్కులోకి వెళితే, పక్షుల మటుకు పరదేశం వచ్చామనే అనిపించదు. పచ్చికలో గోరింకలు నడుస్తుంటాయి. కొమ్మల మీద పిగిలిపిట్టలు పలుకుతుంటాయి. మెడ వెనక చుక్కలున్న గువ్వలూ ఊరపిచ్చుకలూ కాళ్ల దగ్గరే గింజలేరుకుంటాయి. వాటి సరసనే దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన ఎర్ర జుట్టు కార్డినల్ పిట్టలు, ఆగ్నేయాసియా నుంచి తెచ్చిన చారల గువ్వలు తిరుగుతుంటాయి. ఎవరూ తేకుండా తమంతట తాము అక్కడికి చేరినవి ఏవని వెతికితే చెట్ల మీద గూడు కట్టకుండానే గుడ్డు పెట్టే తెల్ల సముద్రపు పిట్ట ఒకటి కనిపిస్తుంది. చలికాలంలో పచ్చిక మీద నిలబడే బంగారు చుక్కల ఉల్లంకి ఒకటి. అది అలాస్కా నుంచి మూడు నాలుగు రోజులు ఎక్కడా దిగకుండా ఎగిరి వస్తుంది. దాని జాతివే కొన్ని మన కోస్తా తీరానికీ చలికాలం గడపడానికి వస్తాయి.

ఇప్పుడు ఆ పార్కులో బైనాక్యులర్, నోట్‌బుక్ పట్టుకుని ఒక పక్షి వీక్షకుడు నిలబడ్డాడనుకోండి. హవాయిలో తాను చూసిన పక్షుల జాబితాలో గోరింకను రాసుకోవాలా, వద్దా? ఈ రోజు మీతో మాట్లాడదలచుకున్నది ఈ ప్రశ్న గురించే. బయటి నుంచి చూసేవారికి ఇదొక కాలక్షేపపు తగాదాగా కనిపించవచ్చు. దీని లోపల ఒక దీవి అడవుల చావుబతుకులు ఉన్నాయి కాబట్టే నేను దీన్ని ఎంచుకున్నాను.

గోరింక అక్కడికి ఎలా చేరింది? విలియం హిల్లెబ్రాండ్ అనే జర్మన్ వైద్యుడు హవాయి రాజుల కొలువులో ఉండేవాడు. తోటల్లో పనికి కూలీలను వెతకడానికి ఆయన్ను 1865లో ఆసియాకు పంపారు. ఆయన మంచి వృక్షశాస్త్రవేత్త కూడా. వెళ్లిన పని చూసుకుంటూనే మొక్కలూ పక్షులూ పోగుచేశాడు. పచ్చిక బయళ్లనూ పైర్లనూ తినేస్తున్న పురుగులను ఏరి తింటుందని గోరింకను తీసుకెళ్లాడు. అంతకు వందేళ్ల ముందే, 1760లలో, మిడతల దండును అదుపు చేయడానికి ఇదే గోరింకను మారిషస్‌కూ తీసుకెళ్లారు. ఇవాళ మారిషస్‌లో ఉన్న మన తెలుగువారి పూర్వీకులు చెరకు తోటలకు చేరేసరికే ఈ పిట్ట అక్కడ కాపురం పెట్టేసింది. పిగిలిపిట్ట కథ వేరు. 1960లలో పంజరాల నుంచి తప్పించుకున్న కొన్ని పిట్టలు ఓఅహు దీవి అంతా నిండిపోయాయి. ఇవి చాలవన్నట్టు 1930లో హోనొలూలూ పౌరులు కొందరు కలిసి, ఊళ్లో పాడే పిట్టలు లేవని, వాటిని తెప్పించి వదలడానికే ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పేరు హుయి మాను.

ఊళ్లో పాడే పిట్టలు ఎందుకు లేకుండా పోయాయన్నది అసలు విషాదం. హవాయి అడవుల్లో తేనె పిట్టల కుటుంబం ఒకటి ఉండేది. ఎప్పుడో లక్షల ఏళ్ల కిందట సముద్రం దాటి వచ్చిన ఒకే పిట్ట సంతతి అది. ఒక్కో పువ్వుకూ ఒక్కో ముక్కు అన్నట్టు యాభైకి పైగా జాతులుగా చీలింది. వాటిలో ఇప్పుడు మిగిలినవి సుమారు 17. అడవులు నరికారు, ఎలుకలూ పిల్లులూ వచ్చాయి. 1826లో ఒక ఓడ నీటి పీపాల్లో దోమ వచ్చింది. బయటి పక్షులతో పాటు పక్షి మలేరియా వచ్చింది. దోమ కుట్టని కాలంలో పుట్టి పెరిగిన ఆ తేనె పిట్టలకు ఆ జబ్బును తట్టుకునే శక్తి లేదు. అందుకే మిగిలినవి చలికి దోమ బతకలేని ఎత్తైన కొండల్లోకి చేరాయి. లోతట్టు ప్రాంతాలన్నీ ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీలోకే మన గోరింక, మన పిగిలిపిట్ట వచ్చి చేరాయి. 2023లో అమెరికా ప్రభుత్వం ఇక లేవని ఒప్పుకుని అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితా నుంచి తీసేసిన వాటిలో ఎనిమిది హవాయి అడవి పిట్టలే.

ఇది తెలిశాక గోరింకను జాబితాలో రాయడానికి చెయ్యి రాదనేవారిని నేను అర్థం చేసుకోగలను. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ కీడు చేసిన వంద ఆక్రమణ జాతులంటూ అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ నిపుణులు 2000లో ఒక పట్టిక వేశారు. దానిలో పక్షులు మూడే. రెండు మన గోరింక, మన పిగిలిపిట్ట. మూడోది యూరప్ స్టార్లింగ్, అదీ గోరింకకు దాయాదే.

పక్షులు చూసే అలవాటు లేనివారి కోసం ఈ జాబితాల సంగతి కొంచెం చెప్పాలి. పక్షి వీక్షకుల్లో చాలామంది జీవితమంతా చూసిన జాతులన్నీ రాసుకుంటారు. దాన్ని లైఫ్ లిస్ట్ అంటారు. మొదటిసారి చూసిన కొత్త జాతిని లైఫర్ అంటారు. అమెరికాకు చెందిన ఫీబీ స్నెట్సింగర్ అనే ఆవిడ 1999లో మడగాస్కర్‌లో ప్రమాదంలో చనిపోయే నాటికి ఎనిమిది వేల జాతులకు పైగా చూశారు. ఇంత పట్టుదల ఉన్నచోట నియమాలూ పుట్టుకొస్తాయి. బోనులో ఉన్న పక్షిని లెక్కపెట్టకూడదన్నది అందరూ ఒప్పుకునేదే. బోను నుంచి తప్పించుకుని వారం కిందట తోటలో వాలిన పక్షి సంగతేమిటి? దాని మనవలు, ముని మనవలు అదే తోటలో పుట్టి పెరిగితే వాటి సంగతేమిటి?

అమెరికన్ బర్డింగ్ అసోసియేషన్ దీనికొక గీత గీసింది. బయటి నుంచి తెచ్చిన జాతి కనీసం 15 ఏళ్లు ఒకచోట నిలదొక్కుకుని, తన పిల్లలతోనే సంఖ్యను నిలుపుకుంటూ ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. 2016లో ఆ సంఘ సభ్యులు ఓటేసి హవాయిని తమ లెక్కల ప్రాంతంలో చేర్చుకున్నాక, అక్కడ స్థిరపడ్డ బయటి పక్షులన్నీ వారి జాబితాలోకి వచ్చాయి. బ్రిటన్‌లో పక్షులను ఏ, బి, సి అంటూ తరగతులుగా విడదీశారు. మనుషులు తెచ్చాక తమంతట తాము బతుకుతున్నవి సి తరగతి, పంజరం నుంచి పారిపోయినవి ఈ తరగతి. మనలో చాలామంది చూసిన పక్షులను నమోదు చేసుకునే ఈబర్డ్ వెబ్‌సైటు కూడా 2022లో ఇలాంటి పద్ధతే తెచ్చింది. స్థిరపడ్డవి, ఇంకా తేలనివి, తప్పించుకున్నవి అని మూడు గుర్తులు పెట్టింది. మొదటి రెండూ లెక్కలోకి వస్తాయి. మూడోది నమోదవుతుంది గాని మొత్తంలో కలవదు.

నియమాలు ఎంత జాగ్రత్తగా రాసినా పక్షులు వాటికి లొంగవు. మన పొలాల్లో గొడ్ల వెంట నడిచే తెల్ల కొంగనే తీసుకోండి. అది 19వ శతాబ్దం చివర్లో ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ దాటి దక్షిణ అమెరికా చేరింది. అక్కడి నుంచి ఉత్తరానికి పాకింది. ఫ్లోరిడాలో అది సొంత రెక్కలతో వచ్చిన పక్షి. అదే కొంగను 1959లో పశువుల మీద ఈగలు తింటుందని హవాయికి మనుషులే తీసుకెళ్లారు. హవాయిలో అది తెచ్చిపెట్టిన పక్షి. మన కరెంటు తీగల మీద వాలే, మెడలో నల్ల గీత ఉన్న బూడిద గువ్వ కూడా అంతే. గత శతాబ్దంలో బాల్కన్ దేశాల నుంచి ఎవరి సాయమూ లేకుండా యూరప్ అంతా వ్యాపించి 1955లో ఇంగ్లండులో గూడు కట్టింది. అమెరికాలో ఉన్నవి మటుకు 1974లో బహమా దీవుల్లో పంజరాల నుంచి బయటపడ్డ వాటి సంతానం. రెండు చోట్లా ఒకే గువ్వ. ఇంగ్లండులో దాన్ని చూసి మురిసిపోయి, అమెరికాలో మొహం తిప్పుకోమంటే ఎలా?

మన కాకి ఇంకా చిక్కు ప్రశ్న తెచ్చిపెట్టింది. 1994లో నెదర్లాండ్స్‌లోని హుక్ ఆఫ్ హాలండ్ రేవులో రెండు కాకులు కనిపించాయి. ఓడల మీద ఎక్కి వచ్చాయి. వాటిని ఎవరూ పట్టలేదు, ఎవరూ వదలలేదు. ఓడ మీద వచ్చినంత మాత్రాన అది బయటివారు తెచ్చిన పక్షి అవుతుందా? అవి అక్కడే పిల్లలను పెట్టి గుంపయ్యాయి. చివరికి ఆ దేశం వాటిని తొలగించాలని నిర్ణయించింది. ఆఫ్రికా తూర్పు తీరంలో, జాంజిబార్ నుంచి మొంబాసా వరకూ, ఇదే కాకి స్థానిక పిట్టల గూళ్లు దోచి బతుకుతోంది. 2024లో కెన్యా ప్రభుత్వం పది లక్షల కాకులను అంతం చేస్తామని ప్రకటించింది.

ఈ వివాదమంతా ఒకేచోట చూడాలంటే నేను ఇంగ్లండులోని స్లింబ్రిడ్జ్ పేరు చెబుతాను. సర్ పీటర్ స్కాట్ 1946లో అక్కడ నీటి పక్షుల కోసం ఒక కేంద్రం స్థాపించాడు. 1950ల మొదట్లో హవాయి దీవుల సొంత పెద్దబాతు, అక్కడివారు ‘నేనే’ అని పిలిచేది, మొత్తం ప్రపంచంలో సుమారు ముప్పై మిగిలింది. స్కాట్ కొన్నింటిని తెప్పించి స్లింబ్రిడ్జ్‌లో పిల్లలు చేయించాడు. అక్కడ పుట్టినవాటిని తిరిగి హవాయికి పంపి కొండల మీద వదిలారు. ఇవాళ హవాయిలో అవి మూడు వేలకు పైగా ఉన్నాయి. పక్షి సంరక్షణ చరిత్రలో ఇంత పెద్ద విజయాలు తక్కువ.

అదే స్లింబ్రిడ్జ్‌కు 1940ల చివర్లో ఉత్తర అమెరికా నుంచి నీలి ముక్కు, ఎర్రమన్ను రంగు ఉన్న రడ్డీ బాతులను కూడా తెచ్చారు. పట్టుమని పది లేవు. వాటి పిల్లలు కొన్ని కంచె దాటి ఎగిరిపోయాయి. కొన్ని దశాబ్దాల్లో బ్రిటన్ చెరువుల్లో వేల సంఖ్యకు చేరాయి. బ్రిటిష్ జాబితాలో సి తరగతిలో చోటూ దొరికింది. వీక్షకులు వాటిని ఇష్టంగా చూసేవారు, రాసుకునేవారు. అక్కడితో ఆగితే గొడవే లేదు. అవి స్పెయిన్ వరకూ ఎగిరి వెళ్లి, అక్కడి తెల్ల తల బాతుతో జత కట్టడం మొదలుపెట్టాయి. స్పెయిన్‌లో ఆ తెల్ల తల బాతు 1977లో 22కి పడిపోయి, జాగ్రత్తగా కాపాడితే మళ్లీ పెరుగుతూ వచ్చింది. సంకరం ఆగకపోతే తెల్ల తల బాతు తన రూపమే కోల్పోతుంది. 2005 నుంచి బ్రిటన్ రడ్డీ బాతులన్నిటినీ కాల్చి తొలగించడం మొదలుపెట్టింది. పక్షి ప్రియుల్లోనే అభిప్రాయాలు రెండుగా చీలాయి. తమ జాబితాలో ఉన్న పక్షిని, తమ ఊరి చెరువులో పిల్లలతో ఈదే పక్షిని, తుపాకీకి అప్పగించడానికి చాలామందికి మనసు రాలేదు.

ఒకే కేంద్రం నుంచి ఒక పెద్దబాతు తన ఇంటికి తిరిగి వెళ్లింది. ఒక బాతు పరాయి దేశానికి పారిపోయింది. రెండూ మనుషుల చేతి మీదుగా వెళ్లినవే. మరి హవాయిలో ‘నేనే’ పెద్దబాతును చూసినవాడు లెక్కపెట్టాలా? మనిషి వదిలింది కదా అని పాత నియమాలు వెనకాడాయి. కాలిఫోర్నియా కాండర్ విషయంలోనూ అదే జరిగింది. 1987లో అడవిలో మిగిలిన చివరి పక్షినీ పట్టేసరికి మొత్తం ఉన్నవి 27. వాటితో పిల్లలు చేయించి, 1992 నుంచి మళ్లీ వదిలారు. కొండల మీద గాలిలో తేలే ఆ రాబందును చూసినవారు ఏళ్ల తరబడి దాన్ని లెక్కలో వేసుకోలేకపోయారు. సొంత గడ్డ మీద తిరిగి ప్రవేశపెట్టిన పక్షులను లెక్కించవచ్చని అమెరికన్ బర్డింగ్ అసోసియేషన్ 2014లో నియమం మార్చింది. అది సరైన మార్పు అని నా నమ్మకం.

నా ఉద్దేశం ఇది. జాబితాలో చోటు ఇవ్వడమంటే సన్మానం చేయడం కాదు. ఊళ్లో జనాభా లెక్కలు రాసే ఉద్యోగి తలుపు తట్టి ఈ ఇంట్లో ఎందరున్నారని అడుగుతాడు గాని, వారిలో మంచివారెందరని అడగడు. పక్షుల లెక్క కూడా అంతే ఉండాలి. చూసిన ప్రతి పక్షీ నోట్‌బుక్‌లోకి ఎక్కాలి. అది సొంతంగా వచ్చిందా, మనిషి తెచ్చిందా, పంజరం నుంచి జారిపోయిందా అన్నది దాని పక్కనే రాయాలి. లైఫ్ లిస్ట్‌లో ఏది వేసుకోవాలన్నది ఆ మనిషి ఇష్టం. నా వరకు, తరతరాలుగా బయటే పుట్టి పెరుగుతున్న పక్షికి ఆ జాబితాలో చోటిస్తాను. నిన్న పంజరం దాటినదానికి ఇవ్వను. రడ్డీ బాతుల్ని తొలగించే సిబ్బందికి ఏ చెరువులో ఎన్ని ఉన్నాయో తెలిసింది, పక్షి వీక్షకులు ఏళ్ల తరబడి ప్రతి చలికాలం వాటిని లెక్కించి రాసినందువల్లనే. అవి పరాయివి, రాయొద్దు అని అందరూ నోట్‌బుక్ మూసేసి ఉంటే ఏం చేయగలిగేవారు?

రాయకపోతే ఏమవుతుందో చెప్పడానికి లండన్‌లో మన రామచిలుకే సాక్ష్యం. ఇవాళ లండన్ పార్కుల్లో పచ్చని చిలుకల గుంపులు వేల సంఖ్యలో తిరుగుతున్నాయి. వాటి జన్యువులు పరిశీలిస్తే ఎక్కువ భాగం పాకిస్తాన్, ఉత్తర భారతం వైపువని తేలింది. బ్రిటన్‌లో అవి వరుసగా గూళ్లు పెట్టడం 1969లో కెంట్ జిల్లాలో మొదలైంది. జాబితాలో చోటు 1980లలో గాని దొరకలేదు. తొలి రోజుల్లో వాటిని పారిపోయిన పంజరం పక్షులుగానే చూసి చాలామంది పట్టించుకోలేదు. ఆ ఖాళీలో కథలు పుట్టాయి. గిటార్ వాద్యకారుడు జిమి హెండ్రిక్స్ కార్నబీ వీధిలో ఒక జంటను వదిలాడని ఒక కథ. ఒక సినిమా చిత్రీకరణ నుంచి తప్పించుకున్నాయని మరో కథ. 2019లో పరిశోధకులు పాత నమోదులనూ పాత పత్రికల వార్తలనూ కలిపి చూస్తే, ఈ కథలకు ఆధారం కనిపించలేదు. దశాబ్దాల పాటు అక్కడొకటి ఇక్కడొకటి పంజరాల నుంచి జారిపోవడం, చిలుక జ్వరం అంటుకుంటుందన్న భయంతో జనం పెంపుడు చిలుకలను వదిలేయడం, ఇవే అసలు కారణాలుగా కనిపిస్తున్నాయి. మొదటి గుంపును మొదటి రోజు నుంచీ ఎవరైనా శ్రద్ధగా రాసి పెట్టి ఉంటే యాభై ఏళ్ల తర్వాత ఇంత వెతుకులాట అవసరమయ్యేది కాదు.

రాయడం బయటి పక్షుల రాక కోసమే అనుకోవద్దు. వాటి పోక కోసం కూడా. కెనడాలోని వాంకూవర్‌లో 1890లలో చైనా నుంచి వచ్చిన జుట్టు గోరింకలు స్థిరపడ్డాయి. ఒక దశలో వేలు. ఉత్తర అమెరికాలో ఆ పిట్ట అక్కడే కనిపించేది కాబట్టి ఎక్కడెక్కడి నుంచో వీక్షకులు వాంకూవర్ వెళ్లేవారు. స్టార్లింగులు వచ్చి గూళ్ల కోసం పోటీ పడ్డాక అవి తగ్గుతూ తగ్గుతూ పోయాయి. 2003లో చివరి రెండు పక్షులు చనిపోయాయి. నూరేళ్లు బతికిన ఒక గుంపు ఎలా ఆరిపోయిందో తెలుసుకోగలుగుతున్నామంటే, దాన్ని పరాయిదని కొట్టిపారేయకుండా లెక్కపెట్టినవారి పుణ్యమే.

హవాయిలో కూడా లెక్క ఒక విచిత్రమైన నిజాన్ని బయటపెట్టింది. ఓఅహు దీవిలో పళ్లు తిని గింజలు చల్లే స్థానిక పక్షులు దాదాపు లేవు. ఇవాళ అక్కడి అడవుల్లో గింజలు చల్లుతున్నది పిగిలిపిట్ట వంటి బయటి పక్షులే. అవి కలుపు మొక్కల గింజలనే ఎక్కువ చల్లుతాయి, కొన్ని స్థానిక చెట్ల గింజలనూ చల్లుతాయి. రేపు వాటిని ఒక్కసారిగా తీసేస్తే ఆ చెట్లకు దిక్కెవరన్న ప్రశ్న అక్కడి శాస్త్రవేత్తల ముందుంది. పిగిలిపిట్ట మీద ఎంత కోపమున్నా, అది ఏ పండు తిన్నదో రాయకుండా ఆ ప్రశ్నకు జవాబు దొరకదు.

ఇక మన దగ్గరికి వద్దాం. అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్, ఇప్పుడు శ్రీ విజయపురం, మన తెలుగువారు చాలామంది స్థిరపడ్డ ఊరు. అక్కడ కనిపించే గోరింక, ఊరపిచ్చుక ఇక్కడి నుంచి బ్రిటిష్ వారి కాలంలో తీసుకెళ్లినవే. ఎదురుగా ఉన్న, ఒకప్పుడు రాస్ అని పిలిచిన దీవిలో తిరిగే నెమళ్లూ అంతే. మన జాతీయ పక్షి ఆ దీవిలో పరాయిది. దేశం ఒకటే కదా అని దీవుల లెక్కనూ నేల లెక్కనూ కలిపేస్తే, ఆ దీవుల సొంత పక్షులకు ఎదురవుతున్న పోటీ మన కంటికి ఆనదు.

హైదరాబాద్ పావురం మరో చిక్కు. గోల్కొండ గోడల్లోనూ మన గుట్టల చరియల్లోనూ ఉండే నీలిబూడిద పావురం ఈ నేల సొంతం. పాతబస్తీ మిద్దెల మీద తరాలుగా పెంచుతున్న తెల్లవీ గోధుమవీ వాటితో కలిసిపోయాయి. ఏది అడవిదో ఏది ఇంటిదో ఇప్పుడు చెప్పడం కష్టం. స్కాట్లాండ్ పశ్చిమ దీవుల్లో మిగిలిన అడవి పావురాలను గుర్తించడానికి జన్యు పరీక్షలు చేయాల్సి వచ్చింది. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక పావురాలు బాగా పెరుగుతున్నాయని చెప్పింది. ముప్పై వేల మంది వీక్షకులు రాసిన మూడు కోట్ల పరిశీలనల మీద నిలిచిన మాట అది. పావురమే కదా అని వాళ్లు వదిలేసి ఉంటే ఆ పెరుగుదల కనిపించేది కాదు.

వింటున్నవారిని చివరగా ఒకటి కోరతాను. మన దేశపు పక్షుల అమ్మకాన్ని నిషేధించాక దుకాణాల్లో ఆస్ట్రేలియా బడ్జీలు, కాక్‌టియల్‌లు, ఆఫ్రికా లవ్ బర్డ్స్ పెరిగాయి. పంజరం తలుపు సరిగా పడకపోతే అవి వీధిలోకి వస్తాయి. మీ వీధి తీగ మీద పిచ్చుకల మధ్య పచ్చగానో పసుపుగానో ఒక చిన్న చిలుక కనిపిస్తే తేదీ, చోటు, ఎన్ని ఉన్నాయి, కాలికి ఉంగరం ఉందా, ఏం తింటోంది అన్నవి రాయండి. ఉంగరం ఉంటే అది పంజరం నుంచి వచ్చిందని తెలుస్తుంది. నెల తర్వాత జంటగా కనిపిస్తే అదీ రాయండి. గోడ కన్నంలోనో చెట్టు తొర్రలోనో పిల్లలకు మేత పెడుతుంటే వెంటనే రాయండి, తెలిసినవారికి చెప్పండి. ఆ తర్వాత అది కనిపించకపోతే, వెతికిన రోజున కనిపించలేదని కూడా రాయండి.